కార్డుతో కట్టిన ఇల్లు

ఎదురింటి అత్త పోయిందని పాలాయన చెబితే నేను నమ్మలేదు. పాలలో చుక్క నీళ్లు కలపనని రోజూ ఒట్టు పెట్టుకునే మనిషి మాట ఎట్లా నమ్మేది? గిన్నె గడప మీదే పెట్టి వీధి దాటి వెళ్లి చూశాను. అత్త చాప మీద పడుకుని ఉంది. కాళ్ల దగ్గర కోడలు ఏడుస్తోంది. ఆ ఒక్క రోజు పాలాయన నిజం చెప్పాడు.

నాకు అనుమానం ఎక్కువ. కూరగాయల తక్కెడను కూడా రెండుసార్లు చూస్తే గాని నమ్మను. చిత్తూరులో ఈ వీధికి కాపురం వచ్చిన కొత్తలో అత్త మా వాకిట్లో నిలబడి, "మే, మీ ఇంట్లో ఏదన్నా పారేసే ముందు నాకు సూపిచ్చు" అంది. చెత్త అడిగే మనిషిని ఎవరు నమ్ముతారు? మేం ఏం తింటున్నామో, ఏం కొంటున్నామో ఆరా తీయడానికేననుకున్నాను. ఖాళీ మాత్రల అట్ట ఇస్తే తిప్పి చూసి, "మీ ఆయనకు బీపీ మాత్ర మార్చినారే!" అననే అంది. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

ఆ చెత్తంతా ఊళ్లవుతుందని తర్వాత తెలిసింది. పాత తాంబాళంలో ఇసుక పోసి, నీలం రంగు పాల కవరు పరిస్తే అది పులికాట్ సరస్సు. విరిగిన దువ్వెన కంచె. మాత్రల అట్ట కోళ్లగూడు. పీచు ఊడని మామిడి టెంకలను ఎండబెట్టి అగ్గిపుల్లలు అతికిస్తే గొర్రెలు. ఇళ్లకు మాత్రం పెళ్లి కార్డులు. దేవుడి బొమ్మను కత్తిరించి పూజగూట్లో పెట్టుకుని, మిగిలిన అట్టతో గోడలు నిలబెట్టేది. వీధిలో పిల్లలంతా ఆ తాంబాళం చుట్టూ చేరితే తాను పక్కకు జరిగి బియ్యం ఏరుకునేది. "ఇల్లు నేను కట్టిస్తా, కాపురం వాళ్లు సేసుకుంటారు" అనేది.

ఊరికే ఎవరైనా ఇంత చాకిరీ చేస్తారా? నేను వంటింటి కిటికీలోంచి కనిపెట్టేదాన్ని. బిస్కెట్లు పెట్టి మా పాప చేత ఇంటి గుట్టు చెప్పిస్తుందేమోనని, పాప తిరిగి రాగానే మూతి వాసన చూసేదాన్ని. ఒక్కనాడూ బిస్కెట్టు వాసన రాలేదు. అదీ నాకు అనుమానమే.

మా నాయన పోయేనాటికి పాపకు నాలుగేళ్లు. ప్రతి ఆదివారం ఐరాల నుంచి బెల్లం పొట్లంతో బస్సు దిగే తాత రాకపోయేసరికి "తాత యాడ?" అని మొదలుపెట్టింది. తడ ఊళ్లో చుట్టాలింటికి పోయాడని చెప్పాం. పెద్దవాళ్లంతా అట్లాగే చెప్పమన్నారు. బస్సు చప్పుడైతే చాలు, గేటు దగ్గరికి పరుగెత్తేది. తాత వస్తేనే తింటానని నోట్లో పెట్టిన ముద్ద ఉమ్మేసేది. చిక్కి సగమైంది. బిడ్డ నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

ఒక సాయంత్రం పాపను పిలుచుకొద్దామని వెళితే తాంబాళంలో కొత్త ఇల్లు కనబడింది. దాని గోడ మీద మా నాయన ఫొటో ఉంది. ఆయన కర్మక్రియల కార్డు! మావైపు ఆ కార్డును వాకిట్లోనే చదివి చించి పారేస్తాం. ఇంట్లో ఉంచుకుంటే ఇంకో చావు వెతుక్కుంటూ వస్తుందంటారు. నా ఇంట్లో ఒక్కటీ మిగలకుండా నేనే చించాను. ఈవిడ మేమిచ్చినదాన్ని దాచి, దానితో నా బిడ్డకు ఇల్లు కట్టింది. ఒళ్లు మండిపోయింది.

"కర్మాంత్రం కార్డుతో ఆడిస్తావా అత్తా? నా బిడ్డకేమన్నా అయితే?"

"అరవద్దు మే. బిడ్డ అడిగే మనిషి మొగం దాంట్లోనే కదా ఉండాది. మోరీలో పారేసేదానికి నాకు సేతులు రాలే. నోరు మూసుకోని ఆ పక్క సూడు."

పాప టెంక గొర్రెలన్నిటినీ తాత ఇంటి ముందుకు తోలింది. ఒకదాన్ని ఒళ్లోకి తీసుకుని నిమిరింది. "ఏడవద్దు. తాత సచ్చిపోయినాడు. ఇంక రాడు. నువ్వు తిను" అని దాని మూతికి చిటికెడు ఇసుక అందించింది. నాయన పోయాక నేను నోరారా ఏడ్చింది అప్పుడే.

ఏడుపు ఆగాక అడిగాను. "నువ్వే నేర్పినావు కదా అత్తా?"

"నేనేం సెప్పలే. పిల్లోళ్లకు అన్నీ తెలుస్తాయి. మనం దాస్తామని వాళ్లూ దాస్తారు."

ఆ పూట పాప అన్నం తినింది. అత్త నేర్పిందో లేదో నాకు ఈరోజుకీ తేలలేదు. నేర్పినా సరే, ఆ మేలు నేను మరిచిపోలేను.

నిన్న అత్త కొడుకు వచ్చి కార్డు ఇచ్చి వెళ్లాడు. "సదివేసి ఆడనే సించెయ్, లోపలికి తేవద్దు" అన్నాడు మా ఆయన. సరేనన్నాను. వీధిలో ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసుకుని కార్డును కొంగు కింద దాచాను. మూడో తరగతి చదివే మా పాప మాత్రం చూసేసింది. లోపలికి పోయి కత్తెర తెచ్చింది.

అత్త ఫొటో గోడ మీదికి వచ్చేట్టు ఇద్దరం మడిచాం. తలుపు పాప కత్తిరించింది. దాన్ని తెరిచే ఉంచి, వంటింట్లోకి పోయి చెత్తబుట్టలో వెతికి వాళ్ల నాయన ఖాళీ మాత్రల అట్ట తెచ్చింది.

"పారేసే ముందు అవ్వకు సూపిచ్చాల కదా" అంది.

ఆ అట్ట ఇప్పుడు మా పళ్లెంలో పోసిన ఇసుకలో, తెరిచిన ఆ తలుపు ముందు నిలబెట్టి ఉంది. అత్త దాన్నే చూస్తోంది.