ఏడు దెబ్బల పాట

ఒక చూపు గురించి మీకు చెప్పాలి. చూసింది రెప్పపాటు కాలం. దాన్ని మోస్తున్నది మాత్రం ఏళ్ళ తరబడి. నేనెవరో అనవసరం. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసుకునే మనిషిని, అంతే.

కాలేజీ రోజుల్లో మాకో రాక్ బ్యాండ్ ఉండేది. నవ్వకండి. మా నాన్న గోదాములో, బెల్లం దిమ్మల మధ్య సాధన. గోదాము మాది, గిటారు నాది, మంచి హెడ్‌ఫోన్లు నా ఒక్కడికే ఉండేవి. కాబట్టి లెక్క కూడా నేను చెప్పిందే లెక్క. డ్రమ్స్ వాయించే సత్తిబాబు మా క్లాసువాడే, బుచ్చయ్యపేట నుంచి బస్సులో వచ్చేవాడు. పాట విని, అది ఎన్ని దెబ్బలకు ఒక చుట్టు తిరుగుతుందో పట్టుకోవడం వాడికి నేనే నేర్పాను. పెద్ద విద్యేం కాదు. దెబ్బ విడిచి దెబ్బకి తల కిందికి ఊపుతూ వినాలి. నాలుగు దెబ్బల పాటైతే ప్రతి చుట్టూ తల కిందికి దిగినప్పుడే మొదలవుతుంది. ఏడు దెబ్బలదైతే రెండో చుట్టు తల పైకి లేచినప్పుడు మొదలవుతుంది. మనిషి కంగారు పడేది అక్కడే.

సత్తిబాబు కొన్నాళ్ళకే తల ఊపడం మానేశాడు. వాడికి ఇక దాని అవసరం లేకపోయింది. నాకు చివరిదాకా ఉంది. ఆ తేడా నాకు అప్పుడే తెలుసా? తెలుసు. గిట్టిందా? లేదు.

విశాఖపట్నంలో పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళని ఒక హోటలువాళ్ళు వారం వారం వాయించడానికి పెట్టుకుంటారన్నారు. మాకది సరదా. సత్తిబాబుకి అదే బతుకు. డ్రమ్స్ తప్ప మరో పని చెయ్యనని ఇంట్లో పోట్లాడి వచ్చినవాడు. మేము కట్టుకున్న ఏడు దెబ్బల పాటే ఎత్తుకున్నాం. సగంలో, నా తల పైకి లేచి ఉండగా కొత్త చుట్టు మొదలైంది. అలాగే మొదలవ్వాలని నాకు తెలుసు, వందసార్లు వాయించిన పాట, అయినా ఆ లైట్ల కింద బుర్ర పనిచెయ్యక ఒక దెబ్బ ఎక్కువ ఆగాను. ఆగిన మరుక్షణమే తప్పు నాదని తెలిసింది. తెలిసే వెనక్కి తిరిగి సత్తిబాబు వైపు కోపంగా చూశాను. అందరికీ కనిపించేలా చూశాను. సరిగ్గా వాయిస్తున్నవాడు నా చూపుని నమ్మి తడబడ్డాడు, నా దారికి రాబోయాడు. దాంతో పాట మొత్తం కుప్పకూలింది.

స్టేజీ వెనక టీ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

“నా వల్లేనేటి బావా పోయింది?”

“మరేటి? ఒక దెబ్బ మింగేసేవు.”

“నాకు సరిగ్గానే ఉన్నట్టనిపించింది బావా.”

“నీకలాగే అనిపిత్తాది. నీ చెవిని నువ్వు నమ్ముకోకు.”

ఆ మొదటి అబద్ధం భయంతో ఆడానని సరిపెట్టుకోవచ్చు. మరి ఆ చివరి మాట? అది ఎందుకు అన్నట్టు? ఎవరూ అడగలేదే! అసూయ, ఇంకేముంది. వాడు ఎదురు తిరిగి నన్ను నాలుగు తిట్టి ఉంటే అక్కడికక్కడే ఒప్పుకునేవాణ్ణేమో. తిట్టలేదు. నేర్పినవాణ్ణి కదా, నమ్మాడు.

ఇప్పుడు వాడికి ఊళ్ళో మైకుసెట్ల దుకాణం. పెళ్ళిళ్ళలో ఎవరైనా డ్రమ్స్ ముందు కూర్చోబెడితే నాలుగు దెబ్బల పాటలే వాయిస్తాడు. వేరేవి అడిగితే, “అవి నా సెవికి ఎక్కవు” అంటాడట నవ్వుతూ.

మొన్నామధ్య బెల్లం కోసం మా కొట్టుకి వచ్చాడు. నా ఫోన్‌లో ఏదో కొత్త బ్యాండ్ పాట మోగుతోంది. వింటూ బల్ల మీద వేళ్ళతో కొడుతున్నాడు. కొడుతూనే, ఇదెన్ని దెబ్బల్లో ఉంది బావా అని అడిగాడు.

ఏడు అన్నాను.

“అబ్బ, నీ సెవి సెవే బావా!” అన్నాడు సంబరంగా. దిమ్మ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

నేను పాట లెక్కపెట్టలేదు. వాడి వేళ్ళు చూసి చెప్పాను.

వాడికి ఈ మాట చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మీకు మాటివ్వను. రాస్తుంటే గుండె కాస్త తేలికైంది, అందుకూ సిగ్గుగానే ఉంది. అయినా ఈ నిజం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. ఆ రోజు తప్పింది నేను. సత్తిబాబు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.