నాగరత్నమ్మగారి నీళ్ళకు నేను చేసిన పరీక్ష

2002 ఫిబ్రవరిలో నన్ను బొమ్మసంద్ర ఫ్యాక్టరీ ల్యాబ్ నుంచి బెంగళూరు రీజినల్ టెక్నికల్ మేనేజర్‌గా వేశారు. ఇళ్ళలో వాడే నీటి శుద్ధి యంత్రాలు తయారుచేసే కంపెనీ మాది. అమ్మకాల విభాగం నా కింద ఉండేది కాదు. అయితే అమ్మకందార్లు ఇళ్ళకు వెళ్ళి ఏం చూపాలో, ఏం చెప్పాలో రాసిన చిన్న పుస్తకం మీద మాత్రం టెక్నికల్ మేనేజర్ సంతకం ఉండాలి. నేను కెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. చేసి, పదకొండేళ్ళు మునిసిపల్ ల్యాబ్‌లో నీళ్ళు పరీక్షించినవాణ్ణి. ఆ పుస్తకం చదివి, అందులో ఏముందో పూర్తిగా తెలిసే సంతకం పెట్టాను.

నాలుగో పేజీలో కడ్డీల ప్రదర్శన ఉండేది. ఒక గ్లాసులో ఇంటివాళ్ళ నీళ్ళు, ఇంకో గ్లాసులో మా యంత్రం నీళ్ళు పోస్తారు. ఇనుప కడ్డీలు, అల్యూమినియం కడ్డీలు ఉన్న పరికరాన్ని రెండింటిలో ముంచి కరెంటు పెడతారు. రెండు నిమిషాల్లో ఇంటివాళ్ళ గ్లాసులో తుప్పురంగు మడ్డి తేలుతుంది. మాది తేటగా ఉంటుంది. తమ నీళ్ళలోని మురికి బయటపడిందని చూసినవాళ్ళు అనుకుంటారు. నిజానికి ఆ మడ్డి కడ్డీలది. నీటిలో లవణాలు కరిగి ఉంటే కరెంటు పారి ఇనుము కరుగుతుంది. మా యంత్రం లవణాలను చాలావరకు తీసేస్తుంది కాబట్టి అందులో ఏమీ జరగదు. జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల గురించి ఆ కడ్డీలు ఏమీ చెప్పలేవు.

మార్చిలో తనిఖీ కోసం మస్తాన్ అనే సేల్స్ ఎగ్జిక్యూటివ్ వెంట పాత పేటలో ఒక నేతపనివాళ్ళ సందుకు వెళ్ళాను. మస్తాన్‌ది గుంటూరు, పనిమంతుడు. మేం వెళ్ళిన ఇల్లు నాగరత్నమ్మగారిది. అరవై దాటిన మనిషి, భర్త లేరు. కొడుకు పట్టునూలు వ్యాపారం చేసేవాడు. ఇంటి ముందు అరుగు మీద నాలుగు పెద్ద కుండలు, గొలుసు కట్టిన చెంబు ఉన్నాయి. రోజు విడిచి రోజు కుళాయిలో వచ్చే కావేరి నీళ్ళు పట్టి, కాచి, చల్లార్చి, వట్టివేళ్ళ కట్ట వేసి, ఎండాకాలమంతా దారిన పోయేవాళ్ళకు పోసేవారు. ముప్పై ఏళ్ళుగా పోస్తున్నానని చెప్పారు. మాకూ ఆ నీళ్ళే ఇచ్చారు. చల్లగా, మంచి వాసనతో ఉన్నాయి.

మస్తాన్ ప్రదర్శన చేశాడు. కుండలోంచి తీసిన నీళ్ళు గోధుమరంగుకు తిరిగాయి. ఆమె వంగి చూశారు. తరువాత మా నీళ్ళు రుచి చూసి, "చప్పగా ఉండాయప్పా" అని లోపలికి వెళ్ళి నిమ్మకాయ, చిటికెడు ఉప్పు తెచ్చి ఆ గ్లాసులోనే కలిపారు. తాగబోతూ ఆగి, "ఇంగోసారి ముంచు చూద్దాం" అన్నారు.

మస్తాన్ నా వైపు చూశాడు. వద్దనడానికి కారణం దొరకలేదు. కడ్డీలు ముంచాడు. మా నీళ్ళూ గోధుమరంగుకు తిరిగాయి.

"ఇదేమప్పా, నీ నీళ్ళూ అట్లే అయిపాయనే?"

ఆమె అడిగింది నన్ను. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. నేను చెప్పింది ఇది: "బజారు ఉప్పులో మలినాలుంటాయమ్మా. మీ నీళ్ళలో ఉన్నవీ అలాంటివే."

చదువుకున్నవాణ్ణి, తెలుగువాణ్ణి. ఆమె నమ్మారు. అరుగు వైపు చూసి, "అంటే ఇన్నేండ్లూ జనాలకు నేను పోసింది ఇదేనా?" అన్నారు.

"ఇకమీదట జాగ్రత్తగా ఉంటే చాలమ్మా," అన్నాను.

ఆ మాట ఇప్పటికీ నా గొంతుతోనే నాకు వినిపిస్తుంది. ఆ వారమే వాళ్ళింట్లో మా యంత్రం బిగించారు.

మరుసటి ఏడాది ఎండాకాలం సర్వీసు విభాగం నుంచి ఒక ఫిర్యాదు కాగితం నా బల్ల మీదికి వచ్చింది. దారిన పోయేవాళ్ళకు పోయడానికి యంత్రం నీళ్ళు చాలడం లేదని, పెద్దది ఉందా అని అందులో ఉంది. పేరు చూసి నేనే వెళ్ళాను. అరుగు మీద కుండలు లేవు.

కొడుకు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. సందు మొగలో ముత్యాలమ్మ అనే ఆమె పూలు అమ్మేది. కొన్నేళ్ళ కిందట ఆమె మనవడు వాంతులు, విరేచనాలతో చనిపోయాడు. వాడు రోజూ ఈ అరుగు మీదే నీళ్ళు తాగేవాడు. మేం వచ్చి వెళ్ళిన మర్నాడే నాగరత్నమ్మగారు వెళ్ళి ముత్యాలమ్మ కాళ్ళు పట్టుకున్నారట. నా నీళ్ళే నీ బిడ్డను తీసుకున్నాయని చెప్పుకున్నారట. ముత్యాలమ్మ ఆ తరువాత ఈ సందుకు రావడం మానేసింది.

వాళ్ళ కుళాయి నీళ్ళు కొన్ని పాత పద్ధతిలోనే కాచి ఇమ్మన్నాను. పద్ధతి ప్రకారం శుభ్రపరచిన సీసాల్లో పచ్చి నీళ్ళు, కాచిన నీళ్ళు విడివిడిగా పట్టి, ఐసులో పెట్టి ల్యాబ్‌కు తీసుకెళ్ళాను. కాచిన నీళ్ళలో హాని చేసే సూక్ష్మజీవులేవీ కనబడలేదు. లవణాలు కూడా ఉండవలసిన మేరకే ఉన్నాయి. ఆ రిపోర్టూ కడ్డీలూ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఆమె ముందే మా నీళ్ళలో ఉప్పు కలిపి ముంచి, మడ్డి ఎక్కణ్ణుంచి వస్తుందో, కరిగిన ఇనుప కడ్డీని చూపించి చెప్పాను.

ఆమె అంతా విన్నారు. "ఇది ఆ పొద్దు నీకు తెలీదా?"

"తెలుసమ్మా."

ఆమె తిట్టలేదు. కడ్డీలు నా వైపు జరిపి, "నాకెందుకప్పా చెప్తావు? పోయి ఆయమ్మకు చెప్పు," అన్నారు.

ముత్యాలమ్మను మార్కెట్‌లో వెతికి పట్టుకోవడానికి మూడు రోజులు పట్టింది. బుట్ట ముందు కూర్చుని చెప్పాను. కాచిన నీళ్ళని, మంచివని, నాగరత్నమ్మగారి తప్పేమీ లేదని, తప్పు మాట చెప్పింది నేనని. ఆమె చేతిలోని మల్లెలు అల్లడం ఆపకుండానే వింది. చివరికి, "అట్లయితే నా పిల్లోడు ఏ నీళ్ళు తాగి పోయినాడు సామీ?" అని అడిగింది.

అన్నేళ్ళ కిందటి నీళ్ళను ఏ ల్యాబూ పరీక్షించలేదు. నేను ఈ రోజు మంచివని తేల్చినవి కూడా ఆ రోజు నీళ్ళు కావు. ఆమె మరచిపోవడానికి ప్రయత్నిస్తున్న దుఃఖాన్ని ఏడాదిలో రెండుసార్లు కెలికింది నేనే. మొదటిసారి నా అబద్ధం, రెండోసారి నా నిజం.

కంపెనీకి ఉత్తరం రాసి నాలుగో పేజీ మీద నా సంతకం వెనక్కి తీసుకున్నాను. రెండు నెలలకు అదే పేజీ ఇంకొకరి సంతకంతో వచ్చింది. నేను రాజీనామా చేయలేదు, బయట ఎక్కడా మాట్లాడలేదు. పింఛను వయసు దాకా అక్కడే పనిచేశాను. ఆ తరువాతి ఎండాకాలం నాగరత్నమ్మగారు కుండలు మళ్ళీ బయటపెట్టారని మస్తాన్ చెప్పాడు. ముత్యాలమ్మ ఆ సందుకు వచ్చిందో లేదో అతను చెప్పలేదు. నేనూ అడగలేదు.

నీళ్ళ గురించి నన్ను అడిగేవాళ్ళకు ఇప్పుడు చెప్పేది తక్కువ. అనుమానముంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. అంతవరకు కాచి తాగండి. రంగు చూపించి భయపెట్టేవాణ్ణి ఆ రంగు ఎక్కడిదని అడగండి. నా వృత్తి గురించి నేను తెలుసుకున్నది ఇంకొకటి ఉంది. తెలియక ఇచ్చిన తప్పుడు రిపోర్టును మళ్ళీ పరీక్ష చేసి మార్చవచ్చు. తెలిసి చెప్పిన తప్పు, విన్నవాళ్ళు దాన్ని నమ్మి ఏంచేశారో అక్కడిదాకా వెళ్ళిపోతుంది. అక్కడికి మన సవరణ ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది.