ఏడు మాటల క్యాసెట్

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుడ్ ఫ్రైడే అంటే ఒక వీడియో క్యాసెట్. అప్పట్లో మేము గల్ఫ్‌లో, కల్బా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. చర్చికి పోవాలంటే ఆ కొండలన్నీ దాటి దుబాయ్ వైపు వెళ్ళాలి. కారున్నవాళ్ళు ఎంతమంది కనక? అందుకని ఆ చుట్టుపక్కల పనిచేసే మన గోదావరి జిల్లాల క్రైస్తవులంతా శుక్రవారం సెలవుపూట మా ఇంట్లోనే కూడేవారు. మా నాన్న ఒక కంపెనీలో స్టోర్ కీపరు. పాస్టరేమీ కాదు. కాస్త పెద్ద హాలూ, టీవీ, వీసీఆరూ మాకే ఉండటంతో పెద్దరికం కూడా ఆయన మీదే పడింది.

మా ఊళ్ళో అయితే గుడ్ ఫ్రైడే నాడు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు లేచి ప్రసంగం చేసేవారట. కల్బాలో అంత మాట్లాడగలిగిన ఏడుగురిని ఎక్కణ్ణుంచి తెస్తాం? దానికి మా నాన్న ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రభువు శ్రమల మీద తీసిన ఇంగ్లీషు సినిమా ఒకటి, కాపీకి కాపీ తీసింది, ఎవరో తెచ్చి ఇచ్చారు. దాన్ని పెట్టి, ఒక్కో మాట రాగానే పాజ్ నొక్కేవారు. అందరూ కళ్ళు మూసుకునేవారు, ఒకరు ప్రార్థన చేసేవారు, మళ్ళీ సినిమా నడిచేది. మూడు గంటలకు ముగించి ఉపవాసం విడిచేవాళ్ళం. ఇంత చక్కటి ఏర్పాటు ఇంకెక్కడా లేదని అందరూ మెచ్చుకునేవారు.

నాకు మాత్రం ఆ రోజు వస్తోందంటేనే భయం. సిలువ దాకా ఎందుకు, అంతకు ముందు కొరడా దెబ్బలే చాలాసేపు ఉండేవి. వీపు మీద చర్మం ఊడివచ్చేది. ఆ చప్పుడుకి హాల్లో పెద్దవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చేవారు. ఎవరికి ఎంత ఏడుపొస్తే వాళ్ళకి అంత భక్తి అన్నట్టుండేది. నేను రెండు చేతులతో కళ్ళు కప్పుకునేదాన్ని. అమ్మ మెల్లిగా నా చేతులు కిందికి దించేది.

"ఏంటే బుజ్జీ, ఆయన నీకోసమే కదే పడ్డాడు ఆ దెబ్బలు. నువ్వు చూడను కూడా చూడలేవా?" అనేది.

కోపంగా అని ఉంటే బాగుండేది. బుజ్జగిస్తూ అనేది. దాంతో నాకు ఖాయమైపోయింది, అక్కడ పడే ప్రతి దెబ్బా నాదేనని. పాలు సింకులో పారబోసి తాగేశానని చెప్పినందుకు ఒకటి, తమ్ముణ్ణి గిల్లినందుకు ఒకటి. తప్పు నాది, దెబ్బ ఆయనది, పైగా కళ్ళు మూసుకుని తప్పించుకుంటున్నది కూడా నేనే. పదేళ్ళ పిల్లకి ఇంతకన్నా పెద్ద నేరం ఏముంటుంది?

చూడాల్సినప్పుడు మూసుకునే ఆ కళ్ళు, ప్రార్థనలో మూసుకోవాల్సినప్పుడు మాత్రం తెరుచుకునేవి. అదొక దొంగబుద్ధి నాకు. అలా తెరిచినప్పుడే చూశాను. పాజ్‌లో పెట్టిన బొమ్మ నిలకడగా ఉండదు. అరిగిపోయిన టేపు కదా, గీతలు గీతలుగా ఊగుతుంది. మేకు దిగిన చెయ్యి, ముళ్ళ కిరీటం కింద ముఖం, ప్రార్థన సాగినంతసేపూ అలా వణుకుతూనే ఉండేవి. అది టేపు వణుకని నాకేం తెలుసు? నొప్పికి ఆయనే వణుకుతున్నాడనుకున్నాను. ప్రార్థన ఎంత పొడుగైతే ఆయన అంతసేపు అలా వేలాడాలి.

ఆ యేడు ఐదో మాట, ఆయన దాహమన్న మాట, దగ్గర నాన్న పాజ్ నొక్కారు. ప్రార్థన మాలో అందరికన్నా పొడుగ్గా చేసే బ్రదర్ వంతొచ్చింది. ఆయన మొదలుపెట్టాడంటే అమలాపురం నుంచి అబుదాబి దాకా అందరి పేర్లూ రావాలి. నేను కళ్ళు తెరిచాను. ప్రభువు పెదవులు ఎండిపోయి ఉన్నాయి, వణుకుతున్నాయి. బ్రదర్ ఇంకా ఎవరి వీసా గురించో అడుగుతున్నాడు. నేను పాక్కుంటూ వీసీఆర్ దగ్గరికి పోయి, వెనక్కి తిప్పే మీట నొక్కాను.

ఏసీ హోరులో ఎవరికీ వినపడలేదు. తెర మీద సిలువ మెల్లగా నేలకు ఒరిగింది. మేకు చేతిలోంచి పైకి లేచింది, సుత్తి దూరంగా పోయింది. ఆయన లేచి వెనక్కి నడిచాడు. కొరడా వీపుకి తగిలి విడిపోయిన కొద్దీ ఒక్కో గాయమూ మూసుకుపోయింది. చివరికి తెల్లబట్టల్లో, ఒంటి మీద చిన్న గీత కూడా లేకుండా, ఆయన నిలబడ్డాడు. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

ఎవరో కళ్ళు తెరిచారు. ఇంకెవరో "అయ్యో" అన్నారు. ప్రార్థన ఆగిపోయింది.

"ఎంత పని చేశావే పిల్లా! ఆయన సిలువెక్కకపోతే మనకి రక్షణేదీ?" అన్నాడు ఆ బ్రదర్.

హాలంతా చూశాను. పనిచేసే ఇంటి మేడమ్‌ని బతిమాలి రెండు గంటల పర్మిషన్ తెచ్చుకుని వచ్చిన అక్కలు, లేబర్ క్యాంపుల నుంచి పికప్ వెనక నిలబడి వచ్చిన అన్నయ్యలు. వీళ్ళందరి రక్షణా నేను ఒక్క మీటతో చెరిపేశాను. నాన్న నన్ను కొట్టలేదు. అందరి ముందూ మోకాళ్ళూని, "నా బిడ్డను క్షమించు ప్రభువా, దాన్ని సరిగ్గా పెంచలేకపోయిన నన్ను క్షమించు" అని గట్టిగా ప్రార్థించారు. ఆయన చెంప మీద కొట్టినా నాకు అంత నొప్పి ఉండేది కాదు.

మా ఎదురింటి పెద్దమ్మ హాస్పిటల్లో నర్సు. సినిమా సాగినంతసేపూ వంటింట్లో గంజి కాస్తూ ఉండిపోయేది, హాల్లోకి వచ్చేది కాదు. ఆవిడకి విశ్వాసం తక్కువని కొందరు గుసగుసలాడేవారు. ఆ గొడవకి బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏటి తమ్ముడూ, పిల్ల ఏం చేసిందని? సిలువ మీంచి ఆయన్ని దించింది, అంతేగా? ఆవేళ సాయంత్రం కూడా ఎవరో దించారు కదా. వాళ్ళనెవరూ తప్పుపట్టలేదే!" అంది. అని, గంజి చల్లారిపోతోందని లోపలికి పోయింది.

అందరూ వెళ్ళాక, ఎండ తగ్గే వేళకి, నాన్న నన్ను పిలిచారు. ఎందుకలా చేశావని అడిగారు.

"ఆయన వణుకుతున్నాడు నాన్నా."

"ఎప్పుడు?"

"మీరందరూ కళ్ళు మూసుకున్నప్పుడు."

నాన్నకి అర్థం కాలేదు. అన్నేళ్ళుగా పాజ్ నొక్కిన మరుక్షణం ఆయన కళ్ళు మూతపడేవి కదా. క్యాసెట్ పెట్టి, అదే చోటికి తెచ్చి, పాజ్ నొక్కి, ఈసారి కళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఆ ముఖం వణుకుతూనే ఉంది. నాన్న చాలాసేపు చూశారు. తర్వాత టీవీ కట్టేసి, నా తల మీద చెయ్యి వేసి, "ఖలాస్ బుజ్జీ. ఇంక ఇది వద్దు" అన్నారు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

తర్వాతి యేడు క్యాసెట్ లేదు. చేతనైనట్టు ఏడుగురు మాట్లాడారు. తడబడ్డారు, మధ్యలో మరిచిపోయారు, ఒకరైతే ఏడుస్తూ కూర్చుండిపోయారు. అయినా అదే బాగుంది. మధ్యలో ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నారు. అలవాటుకొద్దీ నేను తెరిచాను. చూస్తే నాన్న కూడా తెరిచే ఉన్నారు. ఆయన చూపు ఎటుందో నేనూ అటే చూశాను.

గోడవారన ఒక అక్క కూర్చుని ఉంది. అరబ్బుల ఇంట్లో వంటపని చేసే మనిషి, ప్రతి శుక్రవారం వచ్చేది. చున్నీ కింద ఆమె చెయ్యి వణుకుతోంది. నాన్న చప్పుడు చెయ్యకుండా లేచి వంటింట్లోకి పోయి పెద్దమ్మని తీసుకొచ్చారు. చున్నీ తీసి చూస్తే మణికట్టు నుంచి మోచేతి దాకా నూనె పడి కాలిన పుండు, చీము పట్టి ఉంది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అని పెద్దమ్మ అడిగింది.

"మూడు వారాలండి. పని చెయ్యలేనని తెలిస్తే వీసా ఇచ్చిన కఫీల్ తిరిగి మన దేశం పంపించేత్తాడని చెప్పలేదండి."

అంటే మూడు శుక్రవారాలు ఆమె అదే గోడకి ఆనుకుని కూర్చుంది. పాటలు పాడింది. మేమందరం కళ్ళు మూసుకుని, ప్రభువు గాయాలు తలుచుకుని ఏడ్చాం. ఆమె చెయ్యి ఎవరమూ చూడలేదు. పెద్దమ్మ హాస్పిటల్లో కట్టు కట్టించింది. నాన్న వెళ్ళి ఆ ఇంటివాళ్ళతో మాట్లాడి సెలవు ఇప్పించారు. చెయ్యి నిలిచింది గానీ రెండు వేళ్ళు మళ్ళీ సరిగా ముడవలేకపోయింది. ముందే చూసి ఉంటే ఆ వేళ్ళు కూడా దక్కేవని పెద్దమ్మ అమ్మతో అంటుంటే విన్నాను. క్యాసెట్ వెనక్కి తిప్పినందుకు నేనెంత ఏడ్చానో, నిజానికి ఏడవాల్సింది దేనికో ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. చర్చిలో "కళ్ళు మూసుకుని ప్రార్థన చేద్దాం" అనగానే చుట్టూ అందరి కళ్ళూ మూతపడతాయి. నావి తెరుచుకుంటాయి. తప్పు చేస్తున్నానన్న బెరుకు ఇన్నేళ్ళయినా పోలేదు. అయినా వరసగా కూర్చున్నవాళ్ళ చేతులన్నీ ఒకసారి చూసుకున్నాకే నేను కళ్ళు మూసుకుంటాను.