నాయనమ్మ నోట ‘చేజేతుల’

పొద్దున ఎల్బీ నగర్‌లోని మా ఫ్లాట్‌లో మామిడికాయ తొక్కు సీసా మూత తీయగానే ఆవాలు, మెంతులు, వెల్లుల్లి ఘాటు మధ్య నుంచి సన్నగా ముక్కిన వాసన వచ్చింది. ఆ వాసనతో పాటే సరూర్‌నగర్‌లో మేం కిరాయికున్న రెండు పోర్షన్ల ఇల్లు, నాయనమ్మ, ఆమె నోట్లో ఎప్పుడూ నానే ‘చేజేతుల’ అన్న మాట గుర్తొచ్చాయి.

నల్లగొండ పల్లె నుంచి వెంట తెచ్చుకున్న ఆ మాటను నాయనమ్మ మంచికి ఎన్నడూ వాడలేదు. చేజేతుల ఇల్లు కట్టారనీ, చేజేతుల గెలిచారనీ ఎవరూ అనరు కదా. ఇంకెవరి ప్రమేయమూ లేకుండా మనకు మనమే తెచ్చుకున్న నష్టానికే అది. సీటు దొరుకుతుందని దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెనక స్టాపుకు నడుస్తూ దారిలోనే బస్సు పోగొట్టుకున్న చిన్నాయనకూ, తెల్లబట్టలు ఇంకా తెల్లబడాలని నీలిమందు గుమ్మరించిన అమ్మకూ ఆ మాట తప్పలేదు. మాకైతే వింటేనే ఒళ్లు మండేది.

ఒక ఎండాకాలం ఏడాదికి సరిపడా తొక్కు పెట్టి, చీమలు పట్టకుండా జాడీని నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టి, గాలి చొరకుండా మూతికి పాత ధోతిగుడ్డతో వాసెన కట్టి, పిల్లలం చెయ్యి పెట్టకుండా ముడి మీద ముడి వేసింది నాయనమ్మ. వేలాడిన గుడ్డ కొసలు పళ్లెంలో పడి నీళ్లను పైకి పీల్చాయి. కొన్నాళ్లకు విప్పి చూస్తే గుడ్డంతా తడి, తొక్కు మీద తెల్లటి బూజు. కూర లేని పూటలన్నిటికీ మాకు అదే ఆధారం. అందరం ఆమె వైపు చూశాం.

“ఎవలు చెయ్యలే. నేనే, చేజేతుల,” అంది నాయనమ్మ కూలబడి.

పక్క పోర్షన్‌లో ఉండే గుంటూరు అత్తయ్య వచ్చి, పొడి గరిటెతో లోతుగా తవ్వి వాసన చూసింది.

“పైపొర తీసేస్తే చాలు పిన్నిగారూ, లోపలంతా బాగానే ఉంది.”

నూనె కాచి చల్లార్చి పోసింది కూడా ఆవిడే. మా ప్రాణాలు కుదుటపడ్డాయి. నాయనమ్మ కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ తర్వాత కూడా ఆ మాట అనేది గానీ, అన్న వెంటనే మిగిలిందేమిటో చూడటానికి లేచేది.

ఇప్పుడా ఇంటి చోట అపార్ట్‌మెంట్ లేచింది. జాడీ ఎటు పోయిందో తెలియదు. ఆ మాట కూడా మా ఇంట్లో వినబడదు. మా అమ్మాయి ‘సెల్ఫ్ గోల్’ అంటుంది. సీసాలో బూజు మచ్చ చూపించి అడిగితే, శుభ్రంగా ఉండాలని రోజూ చెంచా కడిగి ఆ తడితోనే పెట్టానని చెప్పి బిక్కమొహం వేసింది.

నేను పొడి గరిటె తెచ్చి పైపొర తీశాను. లోపలంతా బాగానే ఉంది.