టీ ముందా, వేలిముద్ర ముందా

తొంభైల మొదట్లో, తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజర్ రైల్లో, వేమూరు దాటాక ఎదుటి సీటు అమ్మాయి నన్ను పలకరించింది. మున్సిపాలిటీ పనుల్లో జనం మాట ఎంత చెల్లుతుందో పరిశోధన చేస్తోందట. వార్డు మీటింగుల తీర్మానాలు దించుకున్న నోటుపుస్తకం చేతిలో ఉంది.

మా సందులో కొళాయి పీకి పెద్దరోడ్డు మీద పెట్టారని, ఆ పని చేసిన పెద్దమనుషులను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆమె మా వార్డు, నా పేరు అడిగి పేజీలు తిప్పింది.

“కొళాయి మార్చడానికి ఒప్పుకున్నవాళ్ళలో మీ వేలిముద్ర కూడా ఉందండి పిన్నిగారూ.”

“అది హాజరుకి కదమ్మాయ్! టీ ఇచ్చారు, తాగాను, వేలు వేశాను.”

“చదివి వినిపించమని అడగలేదా?”

“అడిగితే నాకు చదువు రాదని తెలిసిపోదూ!”

పక్కన చేపల బుట్టతో కూర్చున్నామె పకపకా నవ్వింది. “వేలిముద్ర వేశాక ఇంకా తెలియకపోవడమేంటి వదినా?”

ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. కాగితం చించి, పెద్ద అక్షరాలతో ఒకే మాట రాసిచ్చింది. “‘ఒప్పుకోను’ అండి. నచ్చనప్పుడు ఇది రాయండి.”

రేపల్లె వచ్చేదాకా దాని మీద వేలు పెట్టి దిద్దాను. నా పేరు కంటే ముందు నాకు రాయడం వచ్చిన మాట అదే. తరువాత మీటింగుల్లో దాన్ని రెండుసార్లు వాడాను కూడా.

కొన్నేళ్ళకు, మిగతా అక్షరాలూ ఒక్కొక్కటే నేర్చుకున్నాక, కొళాయి మళ్ళీ మా సందులో వేస్తామన్న తీర్మానం వచ్చింది. అందరినీ ఆగమని, పైనుంచి కిందిదాకా కూడబలుక్కుని చదివి, ‘ఒప్పుకున్నాను’ అని రాశాను.

టీ ఆ తరువాతే తాగాను.