సున్నా తెచ్చుకున్న మేస్త్రీ

గుంత పూడ్చాక రోడ్ల మేస్త్రీ దాన్ని వెంటనే వదిలిపెట్టడు. రోలరు వెళ్లిపోయాక కూడా మడమతో అంచులన్నీ తొక్కి, వంగి, ఒక కన్ను మూసి మట్టం చూసుకుంటాడు. ఇదివరకు ఇంత ముచ్చట ఉండేది కాదు. మునిసిపల్ షెడ్డులో నల్లబల్ల మీద ఎవరెన్ని గుంతలు పూడ్చారన్నదే లెక్క. వానకు ఊడినదాన్నే మళ్లీ మళ్లీ పూడ్చి, ప్రతి నెలా ఆయనే మొదటి స్థానం కొట్టేసేవాడు. కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మ ఆ లెక్క చెరిపేసి, పూడ్చినవాటిలో మళ్లీ ఊడినవెన్నో రాయించింది. ఆ నెల మేస్త్రీ షెడ్డులో తలెత్తుకోలేకపోయాడు.

ఈ వానల్లో ఆయన పూడ్చినవి ఒక్కటీ ఊడలేదు. బల్ల మీద సున్నా పడింది. సాయంత్రం భార్యను స్కూటరు మీద తీసుకొచ్చి మరీ చూపించాడు.

"సున్నా వచ్చిందని ఇంత మురిసిపోయే మనిషిని మిమ్మల్నే చూశాను," అందామె.

"బళ్లో వచ్చినప్పుడు మా నాన్న వీపు విమానం మోత మోగించాడులే. ఇది వేరు. ఎక్కు, చూపిస్తా."

తను బాగుచేసిన వీధిలోంచే పోనిచ్చి, చివర్లో బండి ఆపి వెనక్కి తిరిగాడు.

"ఏమైనా తెలిసిందా?"

"ఏంటి? నాకేం తెలియలేదే!"

మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "అదీ! ఈసారి నన్ను పట్టుకోకుండా కూర్చో," అంటూ స్కూటరు వెనక్కి తిప్పాడు.