నాలుగో ఫుట్‌నోటు

ఆఫీసులో ఆయన్ని ఫుట్‌నోటు గారు అనేవారు. ఎదురుగా అనేవారు కాదు, కానీ ఆయనకు తెలుసు. తెలిసి, లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా. అదీ ఆ మనిషి.

విదేశాంగ శాఖ వెనక భవనంలో, మూడో అంతస్తులో, పొరుగుదేశం గురించి అంచనాలు రాసే విభాగంలో ఇరవై మూడేళ్లు పనిచేశాడు. గూఢచర్యం అంటే నల్ల కళ్లద్దాలూ తుపాకులూ అనుకునేవాళ్లు ఆ గది చూస్తే నీరుగారిపోతారు. రెండు బల్లలు, ఒక కుంటి కుర్చీ, కిటికీకి అడ్డంగా పాత పేపర్ల కట్టలు. పొరుగుదేశం పత్రికలు మూడు రోజులు ఆలస్యంగా వచ్చేవి. వాటిని ఈయన మొదటి అక్షరం నుంచి చివరి సంతాప ప్రకటన దాకా చదివేవాడు. అక్కడి నాయకుల ఉపన్యాసాలు వదిలేసి, ఎవరూ చూడని చిన్న చిన్న ప్రకటనలు పట్టుకునేవాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. తెలివికేం తక్కువ లేదు. తక్కువల్లా నోరు విప్పడం దగ్గరే.

ఆ విభాగానికి ఒక అలవాటుంది. మంత్రిగారికి వెళ్లే నివేదికలో మొదటి పేజీ పెద్ద అక్షరాల్లో, నాలుగు పేరాలు మించకుండా ఉండాలి. మంత్రిగారి చెవికి ఇంపైనదంతా అందులో. అనుమానాలు, ఆధారాలు, “కానీ”లు మాత్రం వెనక పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఫుట్‌నోట్లుగా. రేపు మంచి జరిగితే ముందు పేజీ చూపించొచ్చు, చెడు జరిగితే వెనక పేజీ చూపించొచ్చు. పాము చావదు, కర్ర విరగదు. ఆ పాము కాటు తినేవాడు ఎలాగూ ఆ భవనంలో ఉండడు.

ఆ ఏడాది మంత్రిగారు పొరుగుదేశం వెళ్లి స్నేహ ఒప్పందం చేసుకోవాలని తేదీ ఖాయం చేసుకున్నారు. ఉపన్యాసం రాయించేశారు. ఫొటోగ్రాఫర్లను కూడా ఎంచుకున్నారు. అంతా అయ్యాక, అక్కడ పరిస్థితి ఎలా ఉందో చెప్పమని ఈ విభాగాన్ని అడిగారు. ఇల్లు కట్టేసి, నేల గట్టిదేనా అని అడిగినట్టు.

సరిగ్గా అప్పుడే ఆయన కంట మూడు ప్రకటనలు పడ్డాయి. సరిహద్దు వైపు వెళ్లే రైళ్లన్నీ పట్టాల మరమ్మతు పేరుతో రద్దు. సరిహద్దు ఊరి ఆస్పత్రిలో సిబ్బందికి సెలవులు రద్దు. రక్తం ఇవ్వండి బాబూ అని జనానికి విజ్ఞప్తి. ఈ మూడూ ఒకే వారంలో రావడం ఆయన సర్వీసులో ఇది మూడోసారి. అంతకు ముందు రెండుసార్లూ నెల తిరక్కుండానే వాళ్లు సరిహద్దు మూసేశారు, మన రాయబార కార్యాలయం మనుషుల్ని గేటు దాటనివ్వలేదు.

ఇందులో ఆయనకు సొంత గుబులు కూడా ఉంది. ఆ రాయబార కార్యాలయంలో టైపిస్టు ఆయన మేనకోడలే. అక్క పోయాక ఎనిమిదేళ్ల పిల్లను ఇంటికి తెచ్చుకుని, మొగుడూ పెళ్లాం కన్నకూతురిలా పెంచారు. ఆ ఉద్యోగానికి దగ్గర కూర్చోబెట్టుకుని చదివించిందీ ఈయనే.

అందుకే మొదటి పేజీలోనే, మొదటి వాక్యంలోనే, సరిహద్దు మూసే ప్రమాదం చాలా ఎక్కువగా ఉందని రాశాడు. ఆ ఒక్కపూట మాత్రం ఆయనకు వెన్నెముక ఉంది, ఒప్పుకోవాలి.

డైరెక్టరు ఆ కాగితం తిప్పి పంపాడు. రెండోసారీ తిప్పి పంపాడు. మూడోసారి పిలిచి కూర్చోబెట్టాడు.

“ఏంటండీ ఇది? పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లమంటారా మంత్రిగారిని?”

“ఆధారాలున్నాయి సార్. రైళ్లు, ఆస్పత్రి...”

“ఉన్నాయి. లేవని ఎవరన్నారు? కింద వేసుకోండి. మీకు ఫుట్‌నోట్లు ఉన్నాయిగా!”

వేసుకున్నాడు. నాలుగో నంబరు ఫుట్‌నోటు. ఆ మూడు వాక్యాలను రెండు రోజులు చెక్కాడు మహానుభావుడు. పైన మాత్రం “సంబంధాలు నిలకడగా మెరుగుపడుతున్నాయి” అని రాసి, సంతకం పెట్టాడు. నిజాన్ని చంపలేదు కదా, కింద పడుకోబెట్టానంతే అని తృప్తిపడ్డాడు.

ఆ సాయంత్రం భార్య ఆయన మొహం చూసి అడిగింది. “పిల్ల సెలవు పెట్టి వస్తానంది కదా. ఆలస్యం చెయ్యకుండా వచ్చెయ్యమని ఓ మాట చెప్పరాదూ? మీ వాలకం చూస్తే నాకు భయంగా ఉంది.”

“ఆఫీసు సంగతులు ఇంట్లో ఎత్తకు. పెదవి దాటితే పృథివి దాటుతుంది.”

“అక్కడైనా దాటిస్తున్నారా, అక్కడా ఇంతేనా?”

ఆవిడ అడిగినదానికి జవాబు మర్నాడు మంత్రిగారి గదిలోనే దొరికింది. మంత్రిగారు మొదటి పేజీ చదివారు. వెనక్కి తిప్పలేదు. కళ్లద్దాలు తీసి, నేరుగా ఈయన వంక చూశారు.

“రాసింది మీరేగా? ఇబ్బందేమీ లేదుగా?”

ఇరవై మూడేళ్లలో ఒక మంత్రి ఆయన్ని నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కసారే. డైరెక్టరు దగ్గాడు.

“అంతా నివేదికలో ఉంది సార్,” అన్నాడు ఫుట్‌నోటు గారు.

మంత్రిగారు వెళ్లారు, నవ్వారు, సంతకం చేశారు, ఫొటోలు దిగి వచ్చారు. ఆ తరువాత తొమ్మిదో రోజున పొరుగుదేశం సరిహద్దు మూసేసింది. రాయబార కార్యాలయం గేటు బయట సైనికులు నిలబడ్డారు. లోపల నలభై మంది చిక్కుకుపోయారు, ఆయన మేనకోడలితో సహా.

ఇక్కడ విచారణ మొదలైంది. డైరెక్టరు నివేదిక వెనక పేజీ తిప్పి, నాలుగో నంబరు మీద వేలు పెట్టి, “మా విభాగం ముందే హెచ్చరించింది” అన్నాడు. కమిటీ నోరెళ్లబెట్టింది. డైరెక్టరు కుర్చీ నిలబడింది. ఫుట్‌నోటు గారికి ప్రశంసాపత్రం వచ్చింది. సిగ్గులేని మనిషి, దానికి అద్దం కట్టించి గోడకు తగిలించాడు.

సరిహద్దు మూసిన నలభై రెండో రోజున, లోపలివాళ్లు ఇళ్లకు మూడేసి నిమిషాలు ఫోన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది. మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆయనే తీశాడు.

“మావయ్యా, నేను. బాగానే ఉన్నాంలే. నీళ్లకే ఇబ్బంది.”

“ధైర్యంగా ఉండు తల్లీ. నేను ముందే రాశాను. కమిటీ కూడా మెచ్చుకుంది.”

“ఏం రాశావు?”

“మూసేస్తారని. నాలుగో ఫుట్‌నోటులో.”

“మాకు మొదటి పేజీ ఒక్కటే వచ్చింది మావయ్యా. అప్పటికే ఇక్కడ కొందరు భయపడి ఇంటికి టిక్కెట్లు కొనుక్కున్నారు. నీ సంతకం చూసి నేనే అందరికీ చెప్పాను, మా మావయ్య రాశాడంటే తిరుగులేదు, కంగారు పడకండి అని. పదకొండు మంది టిక్కెట్లు రద్దు చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను.”

రాయబార కార్యాలయాలకు మొదటి పేజీ ఒక్కటే వెళ్తుందని ఆయనకు తెలియనిది కాదు. ఆ ప్రతులు పంపే జాబితాలో ఇరవై మూడేళ్లుగా టిక్కు పెడుతున్నది ఆయనే.

“పేజీలో చోటు సరిపోలేదమ్మా,” అన్నాడు.

“ఫోను అత్తయ్యకివ్వు,” అంది ఆ పిల్ల.